వెటరన్‌కి ఇల్లు అద్దెకిచ్చేటప్పుడు

చి. అబ్బాయికి, బాబాయి ఆశీస్సులు.

చలికాలం కదా, రోడ్డు మీదున్న మాజీ సైనికులకు దుప్పట్లు పంచడానికి డాలస్‌లో మీ సంఘం వాళ్లు చందా అడిగారని రాశావు. ఇవ్వు, కాదనను. కానీ వచ్చే నెల ఖాళీ అవుతున్న నీ రెండో ఇల్లుంది చూడు, అసలు సాయం దానితో అవుతుంది. 2024 జనవరి లెక్కలో అమెరికా మొత్తం మీద 32,882 మంది వెటరన్లు, అంటే మాజీ సైనికులు, ఉండటానికి ఇల్లు లేకుండా ఉన్నారు. 2010 నాటి సంఖ్యలో ఇది సగం కూడా లేదు. అంత తగ్గడంలో హడ్-వాష్ వోచర్లది, అంటే వెటరన్ల అద్దెలో కొంత ప్రభుత్వమే కట్టే పథకానిది, పెద్ద పాత్ర. అయితే వోచర్ చేతికొచ్చినా ఇల్లిచ్చేవాళ్లు దొరక్క తిరిగేవాళ్లున్నారు.

అద్దెలో వోచర్‌తో దిగే వెటరన్ వాటా తన ఆదాయంలో సుమారు 30 శాతం. మిగతాది వోచర్లు నడిపే స్థానిక సంస్థ, హౌసింగ్ అథారిటీ, నేరుగా నీకే కడుతుంది. మాజీ సైనికుల బాగోగులు చూసే ప్రభుత్వ శాఖ వీఏ తరఫున, ఆయనకు తోడుగా ఒక కేస్ మేనేజర్ కూడా ఉంటారు. లీజు మీద సంతకం పెట్టకముందే వాళ్ల నంబరు తీసుకో.

ముందు మీ హౌసింగ్ అథారిటీకి ఫోన్ చేసి, వాష్ వాళ్లకు ఇల్లిస్తానని చెప్పు. వోచర్ ఉన్నాయన తెచ్చే ఫారంలో కరెంటు, నీళ్లు, గ్యాసు బిల్లులు ఎవరు కడతారో రాయాలి. లీజులోనూ అచ్చం అలాగే ఉండాలి, తేడా వస్తే కాగితాలు వెనక్కొస్తాయి. అద్దె చుట్టుపక్కల ఇళ్లతో పోల్చి చూస్తారు కాబట్టి పెంచి రాయకు. పైన ఇంకో యాభై డాలర్లు చేతికిమ్మని అడిగావో, ఒప్పందం ఉల్లంఘించినట్టే.

తర్వాత అథారిటీ తరఫున ఇంటికి ఇన్‌స్పెక్షన్ ఉంటుంది. అందులో ఇళ్లు తప్పేది చిన్నవాటికే. ప్రతి పడకగదిలోనూ, బయటి నడవాలోనూ పొగ అలారం మీట నొక్కి చూడు. గ్యాసు హీటరుంటే కార్బన్ మోనాక్సైడ్ అలారం పెట్టించు. సింకు దగ్గరి ప్లగ్గు టెస్ట్ మీట నొక్కితే కరెంటు ఆగాలి. కిటికీల గొళ్లాలు పడాలి, మెట్ల రెయిలింగు ఊగకూడదు. 1978కి ముందు కట్టిన ఇల్లయితే పెచ్చులూడిన రంగు సంగతి ముందే చూసుకో. పాసవకుండా తాళాలిచ్చేయకు, ఆ రోజుల డబ్బు అథారిటీ నుంచి రాదు. పాసయ్యాక కూడా మొదటి చెల్లింపు ఆలస్యం కావచ్చు, ఒక నెల మార్ట్‌గేజ్ చేతిలో ఉంచుకో.

క్రెడిట్ స్కోరు పట్టుకుని కూర్చుంటే ఒక్కరూ నిలవరు. పాత బాకీలేమిటో, ఇప్పుడు నెలకెంత వస్తుందో కేస్ మేనేజర్‌ని అడుగు. డిపాజిట్ గురించి బెంగ వద్దు, దానికి సాయం చేసే ఎస్ఎస్‌వీఎఫ్ అనే వీఏ పథకం ఉంది.

దారిలో కనిపించే వెటరన్‌కి వోచరే లేకపోతే ఇల్లు లేని వెటరన్ల కోసం వీఏ నడిపే 877-424-3838కి ఫోన్ కలిపి ఇవ్వు, రాత్రీ పగలూ పలుకుతారు. సైన్యం నుంచి విడుదలైనట్టు చూపే డీడీ-214 కాగితం పోయిందని, డిశ్చార్జి మంచిది కాదని ఆయనే వెనకాడతాడు. మీరెవరూ తీర్పు చెప్పొద్దు, అర్హత తేల్చాల్సింది వీఏ.

ఇక మీ సంఘం వాళ్ల చందా సంగతి. వెటరన్ దిగిన రోజున ఇంట్లో ఏమీ ఉండదు. ఆ డబ్బుతో వాళ్లను మంచం, పరుపు, ఒక మూకుడు, రెండు కంచాలు, చెత్తబుట్ట, షవర్ కర్టెన్ కొనమను. కర్టెన్ లేకపోతే నీళ్లు బాత్‌రూం దాటి వచ్చి నీ చెక్క నేల పాడవుతుంది. ఫుడ్ బ్యాంకులో ఇచ్చేవాటిలో డబ్బా సరుకే ఎక్కువ, డబ్బా ఓపెనర్ మరిచిపోవద్దని చెప్పు.

మీ బాబాయి