క్రిస్మస్ రోజు బస్సులుండవు తమ్ముడూ

ముషీరాబాద్ నుంచి సెప్టెంబరులో చదువు కోసం ఇంగ్లండ్‌లోని లెస్టర్ వెళ్ళిన ఒక తమ్ముడు ఇలా అడిగాడు: "అక్కా, మాది మెథడిస్ట్ కుటుంబం. ఇక్కడ చర్చికి ఆరు ఆదివారాలు వెళ్ళాను. ఎవరూ ఇంటికి రమ్మనలేదు. క్రిస్మస్‌కి తెలుగువాళ్ళ ఫెలోషిప్ కోసం లండన్ వెళ్దామంటే రైలు టికెట్ చూసి టెన్షన్‌గా ఉంది. చర్చిలో వాలంటీరుగా చేస్తే వీసాకి ఏమైనా ఇబ్బందా?"

వీసా సంగతి రెండు ముక్కల్లో చెప్తాను. స్టూడెంట్ వీసా మీద స్వచ్ఛంద సేవకి ఏ హద్దులున్నాయో బ్రిటన్ ప్రభుత్వ వెబ్‌సైట్‌లో చూసుకో, నీ యూనివర్సిటీ ఆఫీసులో కూడా చెప్తారు. పిల్లలతో పనిచేయాలంటే డీబీఎస్ తనిఖీ, అంటే నేర చరిత్ర ఏమైనా ఉందా అన్న తనిఖీ అడుగుతారు, దాని ఫారాలు చర్చివాళ్ళే ఇస్తారు. టికెట్ ముందుగా కొంటే తక్కువలో వస్తుంది. ఇవన్నీ నువ్వే తెలుసుకోగలవు. నేను ఆగిపోయింది మాత్రం "ఎవరూ ఇంటికి రమ్మనలేదు" అన్న మాట దగ్గర. నేను ఇంగ్లండ్ వెళ్ళి ఇరవై ఏళ్ళు దాటింది. ఉద్యోగం, ఇల్లు, పిల్లల చదువులు అన్నీ మెల్లగా అమరాయి. ఆ మొదటి డిసెంబరు మాత్రం ఇప్పటికీ గుండెల్లో అలాగే ఉంది.

ఇది అబిడ్స్‌లో మా అమ్మ ఇంట్లో కూర్చుని రాస్తున్నాను. కింద సందులో మా సంఘం యూత్ పిల్లలు గిటారు, డప్పు పెట్టుకుని కేరల్స్ ప్రాక్టీసు చేస్తున్నారు. ఇంకో రెండు వారాల్లో రౌండ్స్ మొదలవుతాయి. నీకు తెలియనిదా! రాత్రి ఏ పన్నెండింటికో వ్యాను ఆగుతుంది, గేటు దగ్గర పాట అందుకుంటారు, మనం నిద్రకళ్ళతో లైటు వేస్తాం. పాస్టరుగారు ప్రార్థన చేస్తారు. అమ్మ అందరికీ టీ, గులాబీ పువ్వుల పిండివంట పెట్టి, కవరులో కానుక ఇచ్చి పంపుతుంది. హైదరాబాద్‌లో క్రిస్మస్ మన గుమ్మంలోకి నడిచి వస్తుంది, మనం తలుపు తీస్తే చాలు. అలా పెరిగినవాళ్ళం ఇంగ్లండ్ వెళ్ళి గదిలో కూర్చుని, ఎవరైనా వస్తారేమో అని చూస్తాం. అక్కడ చెప్పకుండా ఒకరింటికి ఒకరు వెళ్ళరు. నిన్ను పట్టించుకోవట్లేదని కాదు, అది వాళ్ళ మర్యాద.

నా సంగతి విను. 2004 డిసెంబరు. కోవెంట్రీలో ఒక ఇంటి పై అంతస్తులో అద్దె గది. మన దగ్గరలాగే 25న తెల్లవారుజామునే ఆరాధన ఉంటుందనుకున్నాను. ఎవరినీ అడగలేదు, అడగాలని తోచను కూడా లేదు. క్రిస్మస్ అంటే తెల్లవారుజామే కదా! నాలుగింటికి లేచి తలస్నానం చేసి, అమ్మ పెట్టిచ్చిన తెల్ల పట్టుచీర కట్టుకుని, పైన కోటు వేసుకుని బస్‌స్టాపుకి వెళ్ళాను. అరగంట నిలబడ్డాను. ఒక్క బస్సు రాలేదు. ఇంగ్లండ్‌లో డిసెంబరు 25న రైళ్ళు నడవవు, బస్సులు ఉండవన్నా తప్పులేదు, పెద్ద దుకాణాలన్నీ చట్టప్రకారం మూసేస్తారు. పండగ రోజు మన దగ్గర ప్రత్యేక బస్సులు వేస్తారే, అలాంటి రోజున దేశమంతా మూసేస్తారని నాకెలా తెలుస్తుంది?

నడిచి వెళ్ళాను. చర్చి తలుపుకి తాళం. గాజు మీద ప్లాస్టిక్ కవరులో పెట్టిన కాగితం అంటించి ఉంది. కవరు లోపలికి తేమ దిగి నీలం ఇంకు కాస్త పాకింది. ఫోన్ వెలుగులో చదివాను. 24 రాత్రి పదకొండున్నరకి ఆరాధన, 25 పొద్దున పదింటికి ఉమ్మడి ఆరాధన వేరే చర్చిలో. మొదటిది అయిపోయింది. రెండోది ఎక్కడో నాకు తెలియదు, వెళ్ళడానికి బండి లేదు. తిరిగి గదికి వచ్చి, చీర కూడా మార్చుకోకుండా మంచం మీద కూర్చుని అమ్మకి ఫోన్ చేశాను. హైదరాబాద్‌లో అప్పటికి పదకొండు దాటింది, ఇంటినిండా చుట్టాలు. వెనక గిన్నెల చప్పుడు, పిల్లల గోల. "చర్చికి వెళ్ళొచ్చావా అమ్మా?" అంది. వెళ్ళొచ్చానన్నాను. అబద్ధం కాదు కదా, వెళ్ళే వచ్చాను. ఆ రోజు సాయంత్రం నాలుగు కాకముందే చీకటి పడింది. అన్నం వండుకోవాలని కూడా అనిపించలేదు.

అలాంటి రోజు నీకు రాకూడదనే ఇంత చెప్తున్నాను.

మన దగ్గర సంఘానికి ఒక పాస్టరుగారు ఉంటారు. అక్కడ ఒకే మినిస్టర్, అంటే పాస్టరుగారే, మూడు నాలుగు చర్చిలు చూసుకుంటారు, కొన్నిచోట్ల ఇంకా ఎక్కువ. ఆ చర్చిల గుంపుని సర్క్యూట్ అంటారు. మినిస్టర్ రాని ఆదివారాల్లో ఎక్కువగా లోకల్ ప్రీచర్లు వాక్యం చెప్తారు, వాళ్ళు శిక్షణ తీసుకున్న మామూలు సంఘ సభ్యులే. ఏ వారం ఏ చర్చిలో ఎవరు, ఎన్నింటికి అన్నది కొన్ని నెలలకి కలిపి ఒక కాగితం మీద వేస్తారు. దాన్ని ప్లాన్ అంటారు. ఈ ఆదివారమే ఆ కాగితం అడిగి తీసుకో, డిసెంబరు మొత్తం చదువు. డిసెంబరు 31 రాత్రి మనం చేసే వాచ్‌నైట్ సర్వీసు అక్కడ చాలా చర్చిల్లో ఉండదు. దాని బదులు ఎక్కువచోట్ల జనవరి మొదట్లో కవనెంట్ ఆరాధన, అంటే దేవునితో నిబంధనని మళ్ళీ కొత్తగా చేసుకునే ఆరాధన చేస్తారు. మన మెథడిస్టుల మూలపురుషుడు జాన్ వెస్లీ 1755లో మొదలుపెట్టిన పద్ధతి అది. తప్పకుండా వెళ్ళు.

ఇక అసలు సంగతి. నువ్వు దీవెన కాగానే లేచి వచ్చేస్తున్నావు, కదా? నేనూ ఏడాదిపాటు అదే చేశాను. చివరి బెంచీలో కూర్చోవడం, పలకరించలేదని బాధపడుతూ ఇంటికి రావడం. ఆరాధన తర్వాత వెనక హాల్లో టీ ఇస్తారు, సంఘం అంతా అక్కడే ఉంటుంది. ఒక ఆదివారం బయట పెద్ద వాన. తప్పక ఆగాను. వంటగది కిటికీలోంచి ఒక పెద్దావిడ నన్ను చూసి, ఒక్క మాటా అడగకుండా తుడిచే గుడ్డ చేతికిచ్చింది. ఆమె కప్పులు కడుగుతుంటే నేను తుడిచాను. నలభై కప్పులు అయ్యేసరికి నా ఊరు, మా అమ్మ ఆరోగ్యం, నా ఉద్యోగం అన్నీ ఆమెకి తెలిసిపోయాయి. మీ తరం పిల్లలు ఎవరైనా మెసేజ్ పెడితేగానీ కదలరు. వెళ్ళి ఆ గుడ్డ అందుకో తమ్ముడూ, అంతకంటే దగ్గర దారి లేదు.

అడ్వెంట్‌లో, అంటే క్రిస్మస్ ముందు వారాల్లో, చర్చికి చేతులు చాలవు. లేనివాళ్ళకి తిండి సరుకులు పంచే ఫుడ్‌బ్యాంకుకి ఇచ్చిన డబ్బాలు తారీఖు చూసి సర్దాలి. వృద్ధాశ్రమాల్లో పాటలు పాడటానికి గొంతులు కావాలి. ముసలివాళ్ళు మన చెయ్యి పట్టుకుని వదలరు, ఆ పూట నీ ఒంటరితనం గుర్తుకురాదు. నీ చర్చిలో క్రిస్టింగిల్ ఆరాధన ఉంటే ముందు రోజు సాయంత్రమే వెళ్ళు. ఒక్కో నారింజకి ఎర్ర రిబ్బన్ చుట్టి, నడుమ చిన్న కొవ్వొత్తి గుచ్చి, నాలుగు పుల్లలకి ఎండుద్రాక్షలు గానీ మిఠాయిలు గానీ గుచ్చాలి. నారింజ లోకం, రిబ్బన్ ప్రభువు రక్తం, కొవ్వొత్తి ఆయన వెలుగు. మొదటిసారి నా వేళ్ళకి ఆ వాసన రెండు రోజులు వదల్లేదు.

వంట తీసుకెళ్తే దేంతో చేశావో చీటీ మీద రాసి పెట్టు. నేను ఒకసారి గులాబీ పువ్వులు చేసి తీసుకెళ్తే, ఇందులో గుడ్డుందా, జీడిపప్పు, బాదంలాంటి పప్పులున్నాయా అని అడిగారు. మన చేతి వంట మీద అనుమానమేమో అనుకుని ముఖం ముడుచుకున్నాను. అక్కడ పప్పుల అలర్జీతో ప్రాణం మీదికి వచ్చేవాళ్ళున్నారని తర్వాత తెలిసింది.

మాటలు కలపడానికి ఏముందంటావా, మెదక్ చర్చి ఫొటో చూపించు. దాన్ని కట్టించిన చార్లెస్ వాకర్ పాస్నెట్ ఇంగ్లండ్ నుంచి వచ్చిన వెస్లియన్ మెథడిస్టే. కరువులో జనానికి పని, తిండి దొరికేలా కట్టించారు, 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ చేశారు. మా చర్చిలో ఒక్కరికీ ఈ సంగతి తెలియదు. నేను చెప్పినరోజు హాల్లో టీలు చల్లారిపోయాయి. మన అబిడ్స్ మెథడిస్ట్ చర్చిలు అమెరికా మెథడిస్టుల వైపు నుంచి వచ్చి, 1981లో మెథడిస్ట్ చర్చ్ ఇన్ ఇండియాగా స్వతంత్రమయ్యాయి. సికింద్రాబాద్ వెస్లీ చర్చి బ్రిటిష్ మెథడిస్టుల వైపుది, 1947లో సీఎస్ఐలో, అంటే చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియాలో కలిసింది. నీది ఏదైనా సరే, మీ పాస్టరుగారి దగ్గర ఒక ఉత్తరం తెప్పించుకుని అక్కడి స్టీవార్డ్‌కి, అంటే చర్చి పనులు చూసే సంఘపెద్దకి ఇవ్వు.

లండన్ వెళ్ళేట్టయితే 24 మధ్యాహ్నంలోపు బయల్దేరు, సాయంత్రానికి రైళ్ళు తగ్గిపోతాయి. 26న కూడా సరిగా ఉండవు, కాబట్టి మూడు రాత్రులకి చోటు చూసుకో. నన్నడిగితే వెళ్ళొద్దంటాను. ఏడాదంతా నీ పక్కన ఉండేది లెస్టర్ వాళ్ళే.

25న ఒంటరిగా ఉండేవాళ్ళకి మా చర్చిలో లంచ్ పెడతాం. ఎవరికి కారు కావాలి, ఎవరు నడుపుతారు అన్న జాబితా పన్నెండేళ్ళుగా నేనే రాస్తున్నాను. నేను డిసెంబరు పదికల్లా కోవెంట్రీలో ఉంటాను. ముందు మీ చర్చిలో అడుగు. అక్కడ లంచ్ లేకపోతే పదిహేనో తారీఖులోపు నీ పోస్ట్‌కోడ్ పంపు. పాతిక మైళ్ళే కాబట్టి మా ఆయన కారు తీసుకొస్తాడు. పొద్దున ఎనిమిదిన్నరకి కింద తయారుగా ఉండు. ఆరాధన అయ్యాక బంగాళాదుంపలకి చెక్కు తీసే పని నీకే రాసిపెడుతున్నాను.