పాఠకుల ప్రశ్నలు: పండుగ తేదీల వెనక ఖగోళ గణితం

ప్రశ్న: రంజాన్ ఏటా ముందుకు జరుగుతూ అన్ని కాలాల్లోనూ వస్తుంది. ఉగాది, ఈస్టర్, యూదుల పస్కా మాత్రం వసంతం దాటవు. అన్నిటికీ ఆధారం చంద్రుడే కదా, ఎందుకీ తేడా?

జవాబు: అమావాస్య నుంచి అమావాస్యకు సగటున 29.53 రోజులు. పన్నెండు నెలలు కలిపితే 354 రోజుల చిల్లర. సౌర సంవత్సరం 365.24 రోజులు. అంటే ఏటా దాదాపు 11 రోజుల తరుగు. దాన్ని పూడ్చాలా, వదిలేయాలా అన్నది ఖగోళశాస్త్రం తేల్చే విషయం కాదు. ఆ నిర్ణయం ఒక్కో మతం తనకు తాను తీసుకుంది.

ఖురాన్ తొమ్మిదో సూరాలోని నిషేధాన్ని అనుసరించి ఇస్లామిక్ క్యాలెండర్లో ఈ తరుగును పూడ్చే అధికమాసం లేదు. అందుకే రంజాన్ దాదాపు 33 ఏళ్లకు ఋతువులన్నీ చుట్టి వస్తుంది. 2030లో జనవరిలో ఒకసారి, డిసెంబరు చివర మరోసారి మొదలవుతుంది. యూదులు 19 ఏళ్లలో 7 సార్లు అదారు నెలను రెండుసార్లు లెక్కిస్తారు. 235 చాంద్రమాసాలకు 6,939.69 రోజులు, 19 సౌర సంవత్సరాలకు 6,939.60 రోజులు. తేడా రెండు గంటలే కనుక ఈ చక్రం చక్కగా నిలిచింది. హిందూ పంచాంగానికి ఇలాంటి స్థిరమైన వరుస లేదు. ఏ చాంద్రమాసంలో సంక్రాంతి, అంటే సూర్యుడు రాశి మారడం, పడదో అది అధికమాసం. సగటున 32న్నర నెలలకు ఒకటి వస్తుంది: 2023లో అధిక శ్రావణం, 2026లో అధిక జ్యేష్ఠం.

ఈస్టర్ సంగతి వేరు. మార్చి 21న గానీ ఆ తర్వాత గానీ వచ్చే పున్నమి దాటాక మొదటి ఆదివారం. ఇక్కడ మార్చి 21 అన్నదీ, పున్నమి అన్నదీ రెండూ చర్చి పట్టికలోవే, ఆకాశంలోవి కావు. 2019లో విషువత్తు (పగలూ రాత్రీ దాదాపు సమానమయ్యే రోజు) మార్చి 20న, నిజమైన పున్నమి గ్రీనిచ్ కాలమానం ప్రకారం మార్చి 21 తెల్లవారుజామున వచ్చాయి. ఆకాశాన్ని నమ్మితే మార్చి 24న ఈస్టర్ కావాలి. పట్టిక ప్రకారం పున్నమి మార్చి 20నే ముగిసిపోయింది. కనుక తర్వాతి పున్నమి దాకా ఆగి, ఏప్రిల్ 21న జరుపుకున్నారు.

ప్రశ్న: గ్రహణాన్ని సెకన్లతో సహా చెప్పగలిగినప్పుడు రంజాన్ నెలవంక ఎప్పుడు కనబడుతుందో ఎందుకు చెప్పలేరు?

జవాబు: అమావాస్య ఘడియను కచ్చితంగా చెప్పగలరు. కంటికి కనబడటం మాత్రం వేరే లెక్క. చంద్రుడు సూర్యుడి నుంచి గంటకు అర డిగ్రీ చొప్పున దూరం జరుగుతాడు. ఆ దూరం సుమారు 7 డిగ్రీల లోపు ఉంటే నెలవంకే ఏర్పడదు. మామూలు కంటికి సాధారణంగా 10 డిగ్రీల దాకా కావాలి. దానికి తోడు సూర్యాస్తమయానికి చంద్రుడు ఎంత ఎత్తున ఉన్నాడు, దిగంతాన దుమ్ము, తేమ ఎంత అన్నవి కూడా చూడాలి. 1978లో నెలవంక విషయమై ఇస్తాంబుల్‌లో జరిగిన సమావేశం దూరం 8 డిగ్రీలు, ఎత్తు 5 డిగ్రీలని కొలత పెట్టింది. తుర్కియే ఈ లెక్కనే పాటిస్తోంది. కంటితో చూసి తీరాలన్న పండితులకు ఆ లెక్క తెలియక కాదు. చూడటమే ధర్మమని వారి నమ్మకం. అయితే సూర్యుడి కంటే ముందే చంద్రుడు అస్తమించిన సాయంత్రం ఎవరైనా చూశామంటే ఆ సాక్ష్యాన్ని గణితంతో తోసిపుచ్చవచ్చు. ఈ మధ్యేమార్గమే మాకు సబబుగా తోస్తుంది.

ప్రశ్న: చర్చి ఖగోళశాస్త్రానికి ఎప్పుడూ అడ్డంకేనా?

జవాబు: గెలీలియోను శిక్షించింది 1633లో. ఆ తర్వాత 22 ఏళ్లకే, పోప్ ఏలుబడిలోని ఇటలీ నగరం బొలోన్యాలో, సాన్ పెట్రోనియో చర్చి పైకప్పుకు 27 మీటర్ల ఎత్తున రంధ్రం పెట్టి, నేలపై సుమారు 67 మీటర్ల మధ్యాహ్నరేఖను (మిట్టమధ్యాహ్నం సూర్యబింబం పడే గీతను) ఖగోళశాస్త్రజ్ఞుడు కస్సీనీ వేశాడు. ఈస్టర్ కోసం విషువత్తును కొలవడం దాని పని. నేలపై పడే సూర్యబింబం ఏడాది పొడవునా ఎంత పెరిగి తగ్గుతోందో కొలిస్తే, సూర్యుడి దూరం ఏడాదిలో ఎంత మారుతుందో ఖగోళశాస్త్రజ్ఞుడు కెప్లర్ వేసిన లెక్కే సరిపోయింది.

ప్రశ్న: రెండు పంచాంగాల్లో తిథి ముగిసే వేళల్లో గంటల తేడా ఉంది. ఏది తప్పు?

జవాబు: తిథి అంటే సూర్యచంద్రుల మధ్య 12 డిగ్రీల ఎడం. నిర్వచనంలో పేచీ లేదు, చంద్రుడి స్థానం దగ్గరే తేడా. పూర్వపద్ధతిలో చంద్రుడి సగటు స్థానానికి మందఫలమనే సంస్కారం (సవరణ) ఒక్కటే చేస్తారు. అది గరిష్ఠంగా 5 డిగ్రీల పైచిలుకు. గ్రహణాలతో సరిచూసుకుంటూ స్థిరపడిన అంకె కనుక పున్నమికి, అమావాస్యకు బాగానే కుదురుతుంది. అష్టమి దగ్గర మాత్రం నిజమైన సంస్కారం ఏడున్నర డిగ్రీల దాకా పోతుంది. రెండున్నర డిగ్రీల తేడా అంటే అయిదు గంటలు.

‘బాణవృద్ధి రసక్షయం’ అనే పాత సూత్రం ప్రకారం తిథి 60 ఘడియలకు (ఘడియ అంటే 24 నిమిషాలు) 5 పెరగవచ్చు, 6 తగ్గవచ్చు. ఆకాశంలో కనిపించే స్థానాలకు సరిపోయేలా లెక్కకట్టే దృక్ గణితంలో పెరుగుదల 7, తరుగుదల 10 దాకా ఉంటుంది. అంటే తిథి 20 గంటలకు కుదించుకుపోవచ్చు, 26 గంటల 48 నిమిషాల దాకా సాగవచ్చు. మీ పంచాంగం ఏ పద్ధతిదో పీఠికలో చూడండి. అక్కడ లేకపోతే ఏడాది మొత్తంలో అతి చిన్న తిథిని వెతకండి. 54 ఘడియల కంటే బాగా తక్కువ ఉంటే అది దృక్ పంచాంగమే. సరిచూడటానికి పున్నమిని కాక అష్టమిని ఎంచుకోండి.

ఆకాశంలో చంద్రుడు ఎక్కడున్నాడన్న ప్రశ్నకు దృక్ గణితమే సరైనది. కృష్ణాష్టమికి అష్టమి అర్ధరాత్రి ఉండాలా, సూర్యోదయానికి ఉండాలా అన్నది ధర్మశాస్త్రం చెప్పాలి. ఈ రెండు వాదాలవారూ దృక్ పంచాంగమే చూసినా ఈ రెండో ప్రశ్న దగ్గర పండుగ రెండు రోజులు కావచ్చు.