స్పాంజ్ ఫిల్టర్‌ని కుళాయి కింద పెట్టకండి

ప్రశ్న: మాది రెండడుగుల ట్యాంకు. అందులో గప్పీలు పెంచుతున్నాం. ప్రతి ఆదివారం స్పాంజ్ ఫిల్టర్ బయటికి తీసి, కుళాయి కింద తేట నీళ్లు వచ్చేదాకా పిండి కడుగుతాను. అదే రోజు ట్యాంకు నీళ్లన్నీ మార్చేస్తాను. అయినా రెండు రోజులకే నీళ్లు పాలు కలిపినట్టు తెల్లబడుతున్నాయి, చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తున్నాయి. నాలుగు చనిపోయాయి కూడా. ఫిల్టర్ మార్చేయమంటారా? – ఒక పాఠకురాలు, కరీంనగర్

జవాబు: ఫిల్టర్ బాగానే ఉందండీ, మార్చాల్సింది కడిగే పద్ధతి. ముందు ఈరోజే ట్యాంకులో పావు వంతు నీళ్లు తీసి, క్లోరిన్ లేని నీళ్లు పోయండి, రెండు రోజులు మేత ఆపేయండి (పెద్ద గప్పీలకు ఏమీ కాదు, కంగారు పడకండి), స్పాంజ్‌కి గాలి ఊదే పంపు మాత్రం ఒక్క నిమిషం కూడా ఆపొద్దు.

చేపల విసర్జన నుంచీ, మిగిలిపోయిన మేత నుంచీ అమ్మోనియా పుడుతుంది. అది మొప్పల్ని దెబ్బతీస్తుంది, అందుకే అవి పైకొచ్చి ఊపిరి కోసం అల్లాడుతున్నాయి. ఆ అమ్మోనియాని నైట్రైట్‌గా, దాన్ని మళ్లీ పెద్దగా హాని చేయని నైట్రేట్‌గా మార్చే బ్యాక్టీరియా ఆ స్పాంజ్ రంధ్రాల్లోనే కాపురం ఉంటుంది. కొత్త ట్యాంకులో అది నిలదొక్కుకోవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. మీరేమో వారం వారం కుళాయిలోని క్లోరిన్ నీళ్లతో దాన్ని చంపేసి మళ్లీ మొదటికొస్తున్నారు. నీళ్లలో కనిపించే ఆ తెల్లదనం వేరే రకం బ్యాక్టీరియా ఒక్కసారిగా పెరగడం వల్ల వస్తుంది, అది ఉన్న ఆక్సిజన్‌ని కూడా లాగేస్తుంది.

ఇక కడగడం సంగతి. నీళ్లు మార్చే రోజున ట్యాంకులోంచి తీసిన పాత నీళ్లనే ఒక బకెట్‌లో ఉంచుకోండి. స్పాంజ్ పైకి లాగేటప్పుడు మురికి ట్యాంకులోనే రాలిపోతుంది కాబట్టి, నీళ్లలో ఉండగానే దానికి ఒక ప్లాస్టిక్ కవర్ తొడిగి తీయండి. బకెట్‌లో ముంచి నాలుగైదుసార్లు మెల్లగా పిండండి, గోధుమరంగు నీళ్లు దిగుతాయి, అంతే, ఆపేయండి. స్పాంజ్ ఇంకా మురిగ్గానే కనిపిస్తుంది, ఉండనివ్వండి. సబ్బు, సర్ఫ్ దగ్గరికి కూడా రానివ్వొద్దు. ఇదీ వారం వారం అక్కర్లేదు, బుడగలు బాగానే వస్తున్నా స్పాంజ్ నీళ్లు లాగడం తగ్గిందనిపించినప్పుడు, అంటే మామూలుగా రెండు మూడు వారాలకోసారి చాలు. బుడగలే తగ్గాయంటే స్పాంజ్ సంగతి కాదు, పంపో పైపో చూసుకోవాలి. బోరు నీళ్లున్న ఇళ్లలో గాలి వచ్చే రంధ్రం దగ్గర తెల్లగా సున్నం పేరుకుంటుంది, ఆ ముక్క ఒక్కటే విడదీసి వెనిగర్‌లో నానబెట్టి, శుభ్రంగా కడిగి పెట్టేయండి.

ప్రశ్న: కరెంటు పోయినప్పుడల్లా పైపులోంచి నీళ్లు వెనక్కొచ్చి ఎయిర్ పంపులోకి పోతున్నాయి. ఏం చేయాలి? – ఒక పాఠకుడు, అనంతపురం

జవాబు: పంపుని ట్యాంకు నీటిమట్టం కంటే పైన, గోడకి మేకు కొట్టయినా సరే, పెట్టండి. అది కుదరకపోతే పైపు మధ్యలో చెక్ వాల్వ్ (ఒకవైపే పోనిచ్చే చిన్న ముక్క) బిగించండి, చాలా చవక. బిగించేముందు నోటితో ఊది చూడండి, గాలి ట్యాంకు వైపు పోవాలి, ఇవతలికి రాకూడదు. తిరగేసి పెడితే బుడగలే రావు. కరెంటు గంటల తరబడి రాకపోతే మేత వేయకుండా, మగ్గుతో ట్యాంకు నీళ్లే తీసి కాస్త ఎత్తు నుంచి మళ్లీ అందులోనే పోస్తూ ఉండండి.

ప్రశ్న: గోల్డ్ ఫిష్‌కి ఒక స్పాంజ్ ఫిల్టర్ సరిపోతుందా? – ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: సరిపోదు. అవి బాగా తింటాయి, అంతకంటే ఎక్కువ మురికి చేస్తాయి. కనీసం రెండు పెద్ద స్పాంజ్‌లు చెరో మూలా పెట్టండి, ఈసారి ఒకటి కడిగితే రెండోదాన్ని రెండు వారాలు ముట్టుకోకండి.