పాత సమావేశ మందిరం మరమ్మతు: మేనల్లుడికి లేఖ

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీర్వదించి వ్రాయునది.

కోనసీమలో మీ ఊరి పాత సమావేశ మందిరాన్ని గ్రంథాలయంగా మార్చే బాధ్యత నీకు అప్పగించారని తెలిసి సంతోషించాను. నువ్వు పంపిన అంచనాలో మొదటి పద్దు ప్లాస్టరింగు, రెండోది రంగులు. ఆ రెండింటినీ చివరికి జరుపు; ముందు చూడవలసింది కాంక్రీటు లోపలి తుప్పును.

కాంక్రీటులో క్షారగుణం ఉన్నంతకాలం లోపలి ఇనప చువ్వకు మామూలుగా తుప్పు పట్టదు. గాలిలోని బొగ్గుపులుసు వాయువు (కార్బన్ డయాక్సైడు) ఏళ్ల తరబడి లోపలికి ఇంకితే ఆ గుణం నశిస్తుంది. సముద్రపు గాలి మోసుకొచ్చే ఉప్పయితే అంతవరకూ ఆగదు. తుప్పు అసలు ఇనుముకు రెండింతలకు పైగా చోటు ఆక్రమిస్తుంది కాబట్టే శ్లాబు అడుగున పెచ్చులు ఊడుతున్నాయి. తాజాగా పగలగొట్టిన చోట ఫినాఫ్తలీన్ ద్రావణం చల్లించు. క్షారం ఉన్నంత మేర ముదురు గులాబీ రంగు తిరుగుతుంది, పోయిన మేర రంగు రాదు. ఆ రంగులేని పట్టీ చువ్వ దాకా చేరిందో లేదో స్కేలు పెట్టి నువ్వే కొలువు. గులాబీ రంగు కనబడిందని ఉప్పు లేదనుకోవద్దు. వేర్వేరు లోతుల నుంచి డ్రిల్లు పొడి తీయించి ప్రయోగశాలకు పంపి, వచ్చిన ఫలితాన్ని కాంక్రీటు పనుల భారతీయ ప్రమాణమైన ఐఎస్ 456 కొత్త కాంక్రీటుకు విధించిన హద్దుతో, అంటే ఘనమీటరుకు 0.6 కిలోల క్లోరైడుతో (ఉప్పులో తుప్పు పట్టించే భాగం అదే), పోల్చి చూడు.

ఉప్పు పట్టిన కాంక్రీటును చుట్టూ వదిలేసి ఊడిన మేరకే మాసిక వేస్తే, దాని అంచు పక్కనే తుప్పు మళ్లీ మొదలవుతుంది. అందుచేత చువ్వ వెనక అంగుళం దాకా చెక్కించి, అంచులను కట్టరుతో నిటారుగా కోయించు. చెక్కే ముందు బీముల కింద ఇనప జాకీలు నిలబెట్టించు; మేస్త్రి సర్వి బాదులు చాలంటాడు, ఒప్పుకోకు.

ముంపు భయంతో పుస్తకాల అరలన్నీ మేడ మీదే పెట్టాలని పెద్దలు పట్టుబడుతున్నారని రాశావు. భయం న్యాయమైనదే గాని, స్థిరమైన కుర్చీలున్న సభాస్థలికి, భవనాలు మోయాల్సిన భారాల ప్రమాణమైన ఐఎస్ 875 చదరపు మీటరుకు 4 కిలోన్యూటన్ల (ఒక్కోటి సుమారు 100 కిలోల బరువు) భారం చెబితే, పుస్తకాలు నిల్వ చేసే గదికి కనీసం 6 చెబుతుంది. మీ భవనంలోవి నునుపు చువ్వలు గనుక, వాటి బలాన్ని ఇప్పటి 500 గ్రేడుగా గాక 250గానే లెక్కించు. లెక్క తేలకపోతే అరలు కిందే ఉంచి, అడుగు అరను మునుపటి ముంపు గుర్తుకు పైన బిగించండి. మేడను చదువుకునేవారికి ఇవ్వండి, ఆ భారం తక్కువ.

డాబా మీద గతంలో పరిచిన పొరలను తీయించకుండా కొత్తది వేయవద్దు. రెండంగుళాల మందం పొర చదరపు మీటరుకు సుమారు 100 కిలోల బరువు. నీరు నిలవకుండా వాలు సరిచేసి, తూములు వెడల్పు చేస్తే సగం జబ్బు అక్కడే ఆగుతుంది. ఏసీ గొట్టాల కోసం బీములకు కన్నాలు పెట్టనివ్వకు. పాత జాలీలను, మొజాయిక్ నేలను కదపవద్దు. వాటిని తీసేశాక పాత భవనమని చెప్పుకోవడమెందుకు?

వేసవిలో కాలువలు కట్టేసినప్పుడు ఊటనీరు దిగుతుంది. పునాది పక్కన గుంతలు తీసి చూడడానికి అదే అదను. పరీక్షల ఫలితాలు రాగానే, టెండరు పిలవకముందే, నాకొక ప్రతి పంపు.

ఇట్లు,
మీ మామయ్య