వేసవిలో చల్లబడని వైన్ కూలర్: రెండుసార్లు గ్యాస్ నింపినా బాగుపడకపోతే బాధ్యత ఎవరిది?

ప్రశ్న: ఇంట్లో వాడుకోవడానికి కంప్రెసర్ ఉన్న వైన్ కూలర్ కొన్నాం. ఏడాది వారంటీ, కంప్రెసర్‌కు మాత్రం అయిదేళ్లు. పదో నెలలో ఎండలు ముదిరాక చల్లదనం తగ్గింది. 12 డిగ్రీలకు పెడితే 21 చూపిస్తోంది. కంపెనీ సర్వీస్ సెంటర్ నుంచి టెక్నీషియన్ వచ్చి గ్యాస్ పోయిందన్నాడు. గ్యాస్ వారంటీలో రాదంటూ డబ్బు తీసుకుని నింపాడు. మూడు వారాలకు మళ్లీ అదే కథ, మళ్లీ డబ్బు, మళ్లీ గ్యాస్. మూడోసారి ఫోన్ చేస్తే ఎవరూ రాలేదు. చివరికి బయటి మెకానిక్‌ను పిలిచాం. వెనక పైపు అతుకు దగ్గర లీకు ఉందని చెప్పి మెషీన్‌ను షాపుకు తీసుకెళ్లాడు. ఇప్పుడు కంపెనీ వాళ్లు ‘బయటివాళ్లు విప్పారు కాబట్టి వారంటీ పోయింది, పైగా మీ గది వేడికి ఈ మోడల్ పనికిరాదు’ అంటున్నారు. కొనేటప్పుడు ఆ మాట ఎవరూ అనలేదు. మెకానిక్ తన డబ్బు ఇస్తేనే మెషీన్ ఇస్తానంటున్నాడు. లోపలి సీసాలూ పాడయ్యాయి. ఎవరి మీద కేసు వేయాలి?
– ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, ముందు ఒక పని చేయండి. మిగతాది తర్వాత చదవవచ్చు. మెకానిక్‌కు ఫోన్ చేసి, ఆ లీకును ఇప్పుడే వెల్డింగ్ చేయొద్దని చెప్పండి. మీ కేసుకు ప్రాణం ఆ అతుకే. అది బాగైపోతే లీకు ఉండేదని రుజువు చేయడం చాలా కష్టం. పైపులో నైట్రోజన్ ఒత్తిడి పెట్టి అతుకు మీద సబ్బు నురగ రాస్తే, లీకు ఉన్నచోట బుడగలు వస్తాయి. మెషీన్ సీరియల్ నంబరు, ఆ బుడగలు ఒకే వీడియోలో కనపడేలా తీయించండి. అతను చూసిందేమిటో తేదీ, సంతకంతో రాసివ్వమనండి.

ఇక అసలు విషయం. మీ ఉత్తరంలో మూడు నాలుగు గొడవలు కలిసిపోయి ఉన్నాయి. వాటిలో అన్నిటికంటే గట్టిది ఆ రెండుసార్లు గ్యాస్ నింపడం. కూలర్‌లో గ్యాస్ బండిలో పెట్రోల్ లాగా వాడితే తరిగేది కాదు. అది మూసి ఉన్న గొట్టాల్లో తిరుగుతూనే ఉంటుంది. తగ్గిందంటే ఎక్కడో కారుతోందని అర్థం. కారే చోటు వెతక్కుండా గ్యాస్ నింపడమంటే చిల్లు కుండలో నీళ్లు పోయడమే. పద్ధతి ప్రకారమైతే లీకు పట్టుకుని మూయాలి, గొట్టాల్లో తేమను పీల్చే ఫిల్టర్ డ్రయర్ మార్చాలి, లోపలి గాలిని పూర్తిగా లాగేసి వ్యాక్యూమ్ చేయాలి, ఆ తర్వాత మెషీన్‌కు అంటించిన రేటింగ్ ప్లేటు మీద రాసినన్ని గ్రాములు తూచి గ్యాస్ ఎక్కించాలి. టెక్నీషియన్ చేసిన పని రాసిచ్చిన రెండు జాబ్ షీట్లు తీసి చూడండి. ‘గ్యాస్ చార్జింగ్ చేయబడింది, ఓకే’ అని తప్ప లీకు పరీక్ష గురించి, డ్రయర్ గురించి ఒక్క మాట లేకపోతే, ఆ కాగితమే మీ సాక్షి. వినియోగదారుల రక్షణ చట్టం 2019లో సెక్షన్ 2(11) సేవాలోపం అన్నది ఇలాంటిదాన్నే. చేయాల్సిన పని నాణ్యంగా, పద్ధతిగా చేయకపోవడం.

గ్యాస్‌కు వారంటీ లేదన్న షరతు కార్డులో నిజంగానే ఉండి ఉండవచ్చు. కానీ అతుకు తయారీలోనే బలహీనంగా ఉంటే, గ్యాస్ పోవడం ఆ లోపం వల్ల వచ్చిన ఫలితం. కారణానికి వారంటీ ఉండి ఫలితానికి లేదనడం నిలబడే వాదన కాదని నా అభిప్రాయం. ఏడాది దాటిపోయిందే అన్న టెన్షన్ వద్దు, మొదటి ఫిర్యాదు పదో నెలలోనే నమోదైంది కదా. ఆ ఫిర్యాదు నంబరు, దానికొచ్చిన మెసేజ్ జాగ్రత్తగా ఉంచుకోండి. అయిదేళ్ల కంప్రెసర్ వారంటీ మీద మాత్రం ఆశ పెట్టుకోకండి, లీకు కంప్రెసర్‌లో లేదు.

‘మీ గది వేడికి పనికిరాదు’ అన్న మాట దగ్గర కాస్త ఆగాలి. ఇందులో నిజం ఉండే అవకాశం ఉంది. కూలర్ లోపలి వేడిని కండెన్సర్ ద్వారా గది గాలిలోకి వదలాలి. గదే నిప్పుల కుంపటిలా ఉంటే కంప్రెసర్ ఆగకుండా తిరుగుతూనే ఉంటుంది, చల్లదనం మాత్రం రాదు. అందుకే ప్రతి మోడల్‌కు క్లైమేట్ క్లాస్ ఉంటుంది. లోపలి గోడకో వెనకనో అంటించిన ప్లేటు మీద చూడండి. ‘ఎన్’ అని ఉంటే గది 16 నుంచి 32 డిగ్రీల మధ్య ఉండాలి, ‘ఎస్‌టీ’ అయితే 38 దాకా, ‘టీ’ అయితే 43 దాకా తట్టుకుంటుంది. మీది ‘టీ’ అయి, గది 43 లోపే ఉంటే, కంపెనీ వాదన అక్కడికక్కడే పోతుంది. ‘ఎన్’ అయితే అమ్మిన షాపు బాధ్యత రెండు ప్రశ్నల మీద ఆధారపడుతుంది. ఏసీ లేని గదిలో పెడతామని కొనేటప్పుడు మీరు చెప్పారా? చెప్పినా బ్రహ్మాండంగా పనిచేస్తుందని షాపువాళ్లు అమ్మారా? అవసరం చెప్పి, అమ్మేవాడి అనుభవాన్ని నమ్మి కొంటే, వస్తువు ఆ అవసరానికి సరిపోవాలన్న హామీ వస్తువుల విక్రయ చట్టం 1930 సెక్షన్ 16లోనే ఉంది. ఫలానా బ్రాండ్, ఫలానా మోడలే కావాలని మీరే అడిగి తీసుకుని ఉంటే ఈ వాదన పలచబడుతుంది. అది దాచకుండా మీ లాయరుకు చెప్పండి. వెనక గాలి ఆడాల్సిన మోడల్‌ను చెక్క అల్మారాలో బిగించారా, కండెన్సర్ మీద దుమ్ము పేరుకుందా అన్నవి కూడా అవతలివాళ్లు తప్పక లేవనెత్తుతారు. ఫొటోలు ఇప్పుడే తీసి పెట్టుకోండి.

అన్నట్టు, వాళ్ల రెండు మాటలకూ పొంతన లేదు, గమనించారా? గది వేడే కారణమైతే రెండుసార్లు గ్యాస్‌కు డబ్బు ఎందుకు తీసుకున్నారు? గ్యాస్ పోవడమే కారణమైతే గది మీద నెపం ఎందుకు? మీరు పంపబోయే నోటీసులో ఈ ప్రశ్న మొదటి పేరాలోనే ఉండాలి.

బయటివాళ్లు విప్పారన్న సాకు కంపెనీకి కొంత పనికొస్తుంది, కాదనను. వారంటీ కార్డుల్లో ఆ షరతు మామూలే. అయితే మెకానిక్ రాకముందే రెండు రిపేర్లు విఫలమయ్యాయి, మూడో ఫిర్యాదుకు ఎవరూ రాలేదు. ఆ తేదీల వరుస కాగితం మీద చూపగలిగితే, మీ దగ్గర వేరే దారి లేకే విప్పించారని వినియోగదారుల కమిషన్‌కు అర్థమవుతుంది. మూడోసారి చేసిన ఫోన్ల కాల్ రికార్డు స్క్రీన్‌షాట్లు ఇందుకు అవసరం.

మెకానిక్ సంగతి. పరీక్షకో రిపేరుకో మీతో ఒప్పుకున్న డబ్బు వచ్చేదాకా వస్తువు తన దగ్గర ఉంచుకునే హక్కు అతనికి ఉంది. భారత ఒప్పందాల చట్టం 1872, సెక్షన్ 170. కానీ చేసిన పనికే ఆ హక్కు, చేయని పనికి కాదు. చూసినందుకు న్యాయమైన కూలి ఇచ్చి, రసీదు తీసుకుని మెషీన్ ఇంటికి తెచ్చుకోండి. రేపు మీ తరఫున మాట్లాడాల్సింది అతనే. అతనితో గొడవ పెట్టుకుని బలమైన సాక్షిని పోగొట్టుకోకండి.

సీసాల నష్టం గురించి జాగ్రత్తగా ఆలోచించండి. అదే వినియోగదారుల రక్షణ చట్టంలో, లోపమున్న వస్తువు చేసిన హానికి పరిహారం గురించి చెప్పే ఉత్పత్తి బాధ్యత అధ్యాయం కింద వేరే ఆస్తికి జరిగిన నష్టం అడగవచ్చు గానీ, వారంటీ షరతుల ఉల్లంఘన వల్ల జరిగిన నష్టాన్ని ‘హాని’ నిర్వచనం, సెక్షన్ 2(22), పక్కన పెట్టింది. అందుకే దాన్ని సేవాలోపం వల్ల కలిగిన నష్టంగా సెక్షన్ 39 కింద అడగడమే మేలు. సీసాలకు బిల్లులు ఉండాలి, పాడయ్యాయని చూపాలి. ఇంట్లో ఎంత మద్యం ఉంచుకోవచ్చో రాష్ట్రాల ఎక్సైజ్ నిబంధనలు చెబుతాయి. మీరు అఫిడవిట్‌లో రాసే సంఖ్య ఆ పరిమితి దాటితే కొత్త తలనొప్పి కొనితెచ్చుకున్నట్టే. ముందు ఆ లెక్క చూసుకోండి.

కేసు తయారీదారు, అమ్మిన షాపు, సర్వీస్ సెంటర్ ముగ్గురి మీదా వేయాలి. ఒకరిని వదిలేస్తే మిగతావాళ్లు తప్పంతా అతని మీదకు తోస్తారు. ముందు స్పీడ్ పోస్టులో 15 రోజుల గడువుతో నోటీసు పంపండి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో ఫిర్యాదు నమోదు చేయండి, చాలా గొడవలు అక్కడే తెగిపోతాయి. తెగకపోతే మీరుండే చోటి జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే వేయవచ్చు, కంపెనీ ఊరికి వెళ్లక్కర్లేదు. వస్తువుకు చెల్లించిన మొత్తం 5 లక్షల లోపైతే ఫీజు లేదు. లీకు మీద వివాదం వస్తే నిపుణుల పరీక్షకు పంపమని సెక్షన్ 38 కింద అడగండి, ఆ ఖర్చు ముందు మీరే కట్టాల్సి రావచ్చు. పరీక్ష అవసరమైన కేసుల్ని 5 నెలల్లో తేల్చాలని చట్టం అంటుంది, ఆచరణలో ఎక్కువే పడుతుంది. ఆ మధ్యలో అతుకును ముట్టుకోకుండా ఉంచాలి కాబట్టి, కూలర్ లేకుండా ఒక వేసవి గడపడానికి సిద్ధపడండి.

కేసులో అడిగే కోరికల్లో మొదట గ్యాస్‌కు కట్టిన డబ్బు వాపసు, తర్వాత లోపం ఉచితంగా సరిచేయడం, అది కుదరకపోతే మెషీన్ మార్చడం లేదా ధర వాపసు, ఆపైన నష్టపరిహారం, ఖర్చులు అని వరుసగా రాయించండి. కేసు వేయడానికి గడువు రెండేళ్లు. మొదటి జాబ్ షీట్ మీదున్న తేదీ నుంచే లెక్క వేసుకోండి.