ఓడిన్‌లో పాస్ వస్తుంది, రికవరీ మాత్రం మారదు

తమ్ముడూ, నువ్వు రాసినదాన్ని బట్టి నీ సమస్య ఇదీ. మీ బాపు వాడి పక్కన పడేసిన గెలాక్సీ ఎస్3లో కంపెనీ ఆండ్రాయిడ్ బదులు లీనియేజ్ ఓఎస్ వేద్దామని, కంప్యూటర్ నుంచి సామ్‌సంగ్ ఫోన్లలోకి సాఫ్ట్‌వేర్ ఎక్కించే ఓడిన్‌తో టీడబ్ల్యూఆర్‌పీ అనే బయటి రికవరీని ఎక్కించావు. మూడుసార్లూ పచ్చ డబ్బాలో ‘పాస్’ అని వచ్చింది. తీరా బటన్లు నొక్కి రికవరీలోకి (ఫోన్ మామూలుగా ఆన్ కాకుండానే కొత్త సాఫ్ట్‌వేర్ ఎక్కించే మెనూలోకి) వెళ్తే కంపెనీ రికవరీయే కనిపిస్తోంది. అందులోంచే లీనియేజ్ జిప్ ఎక్కిద్దామంటే ‘సిగ్నేచర్ వెరిఫికేషన్ ఫెయిల్డ్’ అంటోంది. హుజూరాబాద్‌లో షాపాయన బోర్డు పోయిందన్నాడు, ఇక వదిలేయాలా అని అడిగావు.

వదిలేయకు, బోర్డుకు ఏమీ కాలేదు. ఓడిన్ కూడా అబద్ధం చెప్పలేదు. మూడుసార్లూ టీడబ్ల్యూఆర్‌పీ నిజంగానే ఎక్కింది, మూడుసార్లూ నీ ఫోనే దాన్ని చెరిపేసుకుంది. కంపెనీ సాఫ్ట్‌వేర్‌లో ఒక చిన్న ఏర్పాటు ఉంటుంది. ఫోన్ మామూలుగా ఆన్ అయినప్పుడల్లా రికవరీ తనదేనా కాదా అని చూసుకుంటుంది, కాకపోతే పాతదాన్ని తిరిగి రాసేస్తుంది. ఓడిన్ పని అయిపోగానే ఫోన్‌ను రీస్టార్ట్ చేస్తుంది కదా, అదే కొంప ముంచుతోంది. ఫోన్ ఆన్ అయి హోమ్ స్క్రీన్ వచ్చేసరికే నీ టీడబ్ల్యూఆర్‌పీ పోయింది. ఆ తర్వాత నువ్వు ఎన్ని బటన్లు నొక్కినా పాతదే వస్తుంది. పాత రికవరీ కంపెనీ సంతకం ఉన్న జిప్‌నే ఒప్పుకుంటుంది, కాబట్టి ఆ సిగ్నేచర్ గొడవ కూడా ఇందులోంచి వచ్చిందే.

ఇదంతా ఇంత ధీమాగా ఎందుకు చెబుతున్నానంటే, సరిగ్గా ఇదే ఫోన్‌తో నేను హన్మకొండలో ఒక ఆదివారం మొత్తం తగలేశాను. 2018 ఫిబ్రవరి, మేడారం జాతర నుంచి వచ్చిన వారం. మా బాపు ఫోన్ ఆండ్రాయిడ్ 4.3 దగ్గరే ఆగిపోయింది, యాప్‌లు ఒక్కొక్కటే మొరాయిస్తున్నాయి. నీకు మూడుసార్లు పాస్ వచ్చింది, నాకు నాలుగుసార్లు. నాలుగోసారికి మా అమ్మ వచ్చి ‘తిన్నంక చూస్కోరాదా’ అని కంప్యూటర్ స్విచ్ మీద చెయ్యి పెట్టింది.

చేయాల్సింది చెబుతాను. ఓడిన్ తెరిస్తే ముందు లాగ్ ట్యాబే కనిపిస్తుంది. పక్కనే ఆప్షన్స్ అని ఇంకో ట్యాబ్ ఉంటుంది, చాలామంది దాన్ని నొక్కనే నొక్కరు. అందులో ‘ఆటో రీబూట్’ ఎదురుగా ఉన్న టిక్ తీసెయ్. ‘రీపార్టిషన్’కు టిక్ లేదని చూసుకో, అది పొరపాటున పడితే మాత్రం నిజంగా ఏడవాల్సి వస్తుంది. ఇక మామూలే: వాల్యూమ్ డౌన్, హోమ్, పవర్ మూడూ కలిపి నొక్కి డౌన్‌లోడ్ మోడ్, హెచ్చరిక రాగానే వాల్యూమ్ అప్, కేబుల్ పెట్టు, టీడబ్ల్యూఆర్‌పీ టార్ ఫైల్‌ను ఏపీ గడిలో పెట్టి స్టార్ట్ నొక్కు. పాత ఓడిన్ అయితే ఆ గడి పేరు పీడీఏ అని ఉంటుంది.

పాస్ వస్తుంది, కానీ ఈసారి ఫోన్ కదలదు, డౌన్‌లోడ్ స్క్రీన్ మీదే నిలబడి ఉంటుంది. హ్యాంగ్ అయిందనుకుని కంగారుపడకు, మనకు కావలసింది అదే. కేబుల్ పీకెయ్. వెనక మూత తీసి బ్యాటరీ బయటికి లాగు. పది లెక్కపెట్టి మళ్లీ పెట్టు. పవర్ బటన్ ఒక్కటే నొక్కావో, మళ్లీ మొదటికే వస్తుంది. వాల్యూమ్ అప్, హోమ్, పవర్ మూడూ ఒకేసారి పట్టుకోవాలి. నేను మూత పెట్టకుండానే, బ్యాటరీ జారకుండా ఎడమ అరచేతిలో అదిమిపట్టి, కుడిచేతి బొటనవేలితో హోమ్ నొక్కాను. తెర మీద ఫోన్ పేరు కనబడగానే పవర్ వదిలెయ్, మిగతా రెండూ పట్టుకునే ఉండు. టీడబ్ల్యూఆర్‌పీ రాగానే సిస్టమ్‌లో మార్పులు చేయనివ్వాలా అని అడుగుతుంది. స్వైప్ చేసి సరేనను. అలా అంటేనే పాత రికవరీ మళ్లీ వచ్చి కూర్చోకుండా అది అడ్డుకోగలదు.

దానికంటే ముందు చూడాల్సింది ఒకటుంది, నువ్వు చూశావో లేదో రాయలేదు. బ్యాటరీ కింద స్టిక్కర్ మీద మోడల్ నంబర్ ఏముంది? 2012లో వచ్చిన అసలు ఎస్3 ‘జీటీ-ఐ9300’. 2014లో ఎస్3 నియో అని ఇంకోటి వచ్చింది, అది ‘జీటీ-ఐ9300ఐ’. చివర ఒక్క ఐ ఎక్కువ, అంతే తేడా. పైకి రెండూ కవల పిల్లల్లా ఉంటాయి, లోపల మాత్రం సంబంధమే లేదు. మొదటిదాంట్లో ఎక్సినోస్ చిప్, రెండోదాంట్లో స్నాప్‌డ్రాగన్. ఒకదాని ఫైల్ ఇంకోదానికి పనికిరాదు. రెండు సిమ్‌లు పెట్టే చోటుంటే అది ఐ9300 కానే కాదు. కాజీపేటలో ఉండే మా దోస్తు ‘నాదీ ఎస్3యే, వేసిపెట్టు’ అని తెచ్చినప్పుడు ఫైల్ సెలెక్ట్ చేసేశాను కూడా. స్టార్ట్ నొక్కబోతూ డౌన్‌లోడ్ స్క్రీన్ మీద మూలన సన్న అక్షరాల్లో ఉండే ప్రోడక్ట్ నేమ్ వైపు చూశాను కాబట్టి బతికిపోయాం. స్టిక్కర్ చిరిగిపోయి ఉంటే నువ్వూ అక్కడే చూడు.

రికవరీలోంచి రోమ్ (లీనియేజ్ లాంటి ఫోన్ సాఫ్ట్‌వేర్) ఎక్కించేటప్పుడు అయితే, ఫైల్ వేరే మోడల్‌దైతే ఆ జిప్పే ‘ఎర్రర్ 7’ అని ఆపేస్తుంది. జిప్ లోపల స్క్రిప్ట్‌లో ఆ తనిఖీ లైన్లు చెరిపేయమని చెప్పే వీడియోలు చాలా ఉన్నాయి. వాటి మాట వినకు. మోడల్ సరిగ్గానే ఉన్నా ఎర్రర్ 7 వస్తోందంటే చాలాసార్లు టీడబ్ల్యూఆర్‌పీ మరీ పాతదై ఉంటుంది, కొత్త వెర్షన్ వేస్తే పోతుంది.

కేబుల్ సంగతి. ఓడిన్ ‘సెటప్ కనెక్షన్’ దగ్గర ఆగిపోయినా, మధ్యలో ఎర్ర డబ్బాలో ఫెయిల్ వచ్చినా ముందు కేబుల్‌నే అనుమానించు. నేను మొదట వాడింది పవర్ బ్యాంక్‌తో వచ్చిన పొట్టి కేబుల్. అలాంటివాటిలో కొన్నింటికి ఛార్జింగ్ తీగలు తప్ప డేటా తీగలు ఉండవు, ఉన్నా బలహీనం. సీపీయూ ముందువైపు పోర్టు కాకుండా వెనక పోర్టులో, మధ్యలో హబ్ లేకుండా పెట్టు. సామ్‌సంగ్ కీస్ (ఫోన్‌ను కంప్యూటర్‌తో కలిపే కంపెనీ ప్రోగ్రామ్) ఇన్‌స్టాల్ అయి ఉంటే పూర్తిగా మూసెయ్, అది ఓడిన్‌తో పోర్టు కోసం కొట్లాడుతుంది. డ్రైవర్లు మాత్రం ఉండాలి.

బ్యాటరీ కూడా పాతదే కదా. బయటికి తీసి టేబుల్ మీద పెట్టి వేలితో తిప్పి చూడు. బొంగరంలా తిరిగిందంటే పొట్ట ఉబ్బినట్టే. దాంతో ఫ్లాషింగ్ జోలికి వెళ్లకు, ఛార్జింగ్ కూడా పెట్టకు. 60 శాతం చూపించి ఠక్కున ఆఫ్ అయ్యే రకం అది. మా బాపుదీ అలాగే తిరిగింది. హన్మకొండ చౌరస్తాలో కొత్తది కొన్నాకే పని మొదలుపెట్టాను. ల్యాప్‌టాప్ కాకుండా డెస్క్‌టాప్ అయితే కరెంటు సంగతి కూడా చూసుకో. రికవరీ రాస్తుండగా కరెంటు పోతే మళ్లీ రాసుకోవచ్చు, బూట్‌లోడర్ (ఫోన్ ఆన్ చేయగానే ముందుగా నడిచేది) రాస్తుండగా పోతే ఇంట్లో చేసేదేమీ ఉండదు.

ఇక నేను చేసిన వెధవ పని. టీడబ్ల్యూఆర్‌పీ ఎలాగో వచ్చింది, ఆ సంబరంలో వైప్ మెనూలోకి వెళ్లాను. అక్కడ మామూలు ఫ్యాక్టరీ రీసెట్ ఉంటుంది, పక్కన ‘ఫార్మాట్ డేటా’ ఉంటుంది. మొదటిది యాప్‌లను, సెట్టింగులను చెరిపి ఫోటోలను వదిలేస్తుంది. రెండోది ఫోన్ మెమరీని మొత్తం ఊడ్చేస్తుంది, అందుకే ‘ఎస్’ అని మన చేత టైప్ చేయిస్తుంది. శుభ్రంగా ఉంటుంది కదా అని నేను టైప్ చేశాను. మేడారంలో మా అక్క కొడుకును కాంటా మీద కూర్చోబెట్టి నిలువెత్తు బంగారం (బెల్లం) తూచిన ఫోటోలు అందులోనే ఉన్నాయి. మెమరీ కార్డులో ఉన్నాయనుకున్నాను, లేవు. బాపుకు చెప్పడానికి సాయంత్రం దాకా ధైర్యం చాలలేదు. ఆయన విని కాసేపు ఊరుకుని, ‘మల్ల రెండేండ్లకు జాతర రాదా బిడ్డా’ అన్నాడు. తిట్టి ఉంటే బాగుండేది. నువ్వు ముందు ఫోటోలు, కాంటాక్టులు కంప్యూటర్‌లోకి లాగు. లాగాక నాలుగైదు తెరిచి చూడు. అప్పుడు మొదలుపెట్టు.

ఇంకో బ్యాకప్ కూడా ఉంది, ఫోటోలకన్నా ముఖ్యం. టీడబ్ల్యూఆర్‌పీలో బ్యాకప్ నొక్కితే వచ్చే జాబితాలో ‘ఈఎఫ్‌ఎస్’ కనిపిస్తుంది. ఫోన్ గుర్తింపు నంబరైన ఐఎంఈఐ సమాచారం అందులోనే ఉంటుంది. అది చెడితే సిమ్ పెట్టినా నెట్‌వర్క్ రాదు, దాన్ని బాగుచేయడం ఇంట్లో అయ్యే పని కాదు. రోమ్ వేయకముందే మెమరీ కార్డు మీదికి తీసుకుని, కంప్యూటర్‌లో ఒక కాపీ దాచు. ఫోన్ మామూలుగా పనిచేస్తున్నప్పుడే స్టార్ హ్యాష్ 06 హ్యాష్ కొట్టి వచ్చిన నంబర్ కాగితం మీద రాసిపెట్టుకో. మాది ఇప్పటికీ పాత క్యాలెండర్ వెనక ఉంది.

రోమ్ ఎక్కించడం నిజానికి తేలిక. సిస్టమ్, డేటా, క్యాష్, డాల్విక్ వైప్ చెయ్, లీనియేజ్ జిప్ ఎక్కించు, రీస్టార్ట్ చేయకుండా వెంటనే గ్యాప్స్ (గూగుల్ యాప్‌ల) జిప్ ఎక్కించు. ముందు ఫోన్ ఆన్ చేసి చూసుకుని తర్వాత గ్యాప్స్ వేద్దాంలే అనుకుంటే, ‘గూగుల్ ప్లే సర్వీసెస్ ఆగిపోయింది’ అని నిమిషానికోసారి వస్తూ నీ ఓపికను పరీక్షిస్తుంది. ఐ9300కి అధికారికంగా వచ్చిన లీనియేజ్ 14.1, అంటే ఆండ్రాయిడ్ 7.1. గ్యాప్స్ కూడా 7.1దే, ‘ఆర్మ్’ అని ఉన్నదే తీసుకో. ‘ఆర్మ్64’ దీనికి ఎక్కదు, ఇది 32 బిట్ చిప్. ర్యామ్ ఒక్క జీబీయే కాబట్టి అన్నిటికన్నా చిన్నదైన పికో ప్యాకేజీ చాలు. పాత వీడియోల్లో సయనోజెన్‌మాడ్ అని వినిపిస్తే అయోమయపడకు, అది 2016 డిసెంబర్‌లో మూతపడింది, దాని వారసత్వమే లీనియేజ్.

మొదటిసారి ఆన్ కావడానికి పది పదిహేను నిమిషాలు పడుతుంది. నేను ఐదు నిమిషాలకే ఆగలేక బ్యాటరీ పీకి, ఉన్న పనిని రెండింతలు చేసుకున్నాను. ఫోన్ పక్కన పెట్టి చాయ్ తాగి రా. అరగంట దాటినా లోగో తిరుగుతూనే ఉంటే అప్పుడు రికవరీలోకి వెళ్లి, వైప్ నుంచి మళ్లీ మొదలుపెట్టు.

ఏదీ కుదరకపోతే వెనక్కి వెళ్లే దారి ఉంది. నీ మోడల్‌కు చెందిన కంపెనీ ఫర్మ్‌వేర్ (ఫోన్‌తో వచ్చిన అసలు సాఫ్ట్‌వేర్), ఇండియాది దించుకుని, జిప్ విప్పితే వచ్చే ‘టార్ ఎండీ5’ ఫైల్‌ను అదే ఏపీ గడిలో పెట్టి ఎక్కించాలి. ఈసారి ఆటో రీబూట్ టిక్ ఉండొచ్చు. ఫైల్ పెట్టగానే ఓడిన్ దాన్ని సరిచూస్తుంది. తప్పు అని చెబితే డౌన్‌లోడ్ మధ్యలో తెగిందని అర్థం. కొందరు పేరులోంచి ఎండీ5 తీసేసి ఆ తనిఖీని దాటిస్తారు, అంటే సగం ఫైల్‌ను ఫోన్‌లోకి తోస్తున్నారన్నమాట. మళ్లీ దించుకో. డౌన్‌లోడ్ మోడ్ కనబడుతున్నంతసేపు ఫోన్ బతికే ఉన్నట్టు. అది కూడా రాకుండా తెర నల్లగా ఉండిపోతేనే షాపుకు తీసుకెళ్లు.

ఇంత చేసినా దాన్ని నీ మెయిన్ ఫోన్ చేసుకోకు. ఆ లీనియేజ్‌కు సెక్యూరిటీ అప్‌డేట్లు ఎప్పుడో ఆగిపోయాయి. యూపీఐ యాప్‌లు ఇలాంటి ఫోన్లలో ఎప్పుడు మొరాయిస్తాయో చెప్పలేం, పనిచేసినా డబ్బుల సంగతి దాంట్లో పెట్టకపోవడమే మంచిది. వాట్సాప్ ఆండ్రాయిడ్ 5 కన్నా పాతవాటి మీద నడవదు కాబట్టి, 4.3 మీద ఉన్నదానికన్నా ఇది నయం. మా బాపు మూడేళ్లు వాడాడు, ఇప్పుడది బాయి కాడ మోటార్ షెడ్డులో పాటలు పాడుతోంది.

ముందు స్టిక్కర్ చూసి మోడల్ నంబర్ రాయి. ఆటో రీబూట్ తీసేశాక కూడా పాత రికవరీయే వస్తే, ఏ ఓడిన్ వెర్షన్ వాడావో, లాగ్‌లో చివరి నాలుగు లైన్లలో ఏముందో అక్షరం మార్చకుండా పంపు, చూద్దాం.