మేనకోడలికి: మెట్లు దిగిన పీకుల సంగతి

అనంతపురం,
ఆదివారం పొద్దున

పాపా,

నీకు తార్నాకలో పీహెచ్‌డీ సీటు వచ్చిందనీ, మాలిక్యూళ్ల బరువు తూచే మాస్ స్పెక్ట్రోమీటర్‌తో రియాక్షన్ మెకానిజాలు, అంటే రియాక్షన్ ఏ దారిలో నడుస్తాదో చూస్తావనీ మీ అమ్మ నిన్న ఫోన్లో చెప్పింది. "నువ్వు చేసిందే అంట కదరా" అనింది. చేసింది కాదక్కా, చెడగొట్టింది అనబోయి ఊరకున్నా. రాత్రి నిద్ర పట్టలేదు. మన ఇంట్లో ఇంకొకరు ఆ మిషన్ ముందర కూర్చుంటారంటే ఛాతీ పొంగింది. వెంటనే గుబులూ పట్టుకుంది.

నీకు తెలిసినవే ముందు చెప్పేస్తా. సాంపుల్ పల్చగా చెయ్యి. మాలిక్యూల్‌కు ప్రోటాన్ బదులు సోడియం అంటుకుంటే పీకు (చార్టులో ఆ బరువు దగ్గర లేచే గీత) 22 యూనిట్లు ముందుకు జరుగుతాది. బ్రోమిన్ ఒకటుంటే రెండు యూనిట్ల ఎడంలో దాదాపు సమానంగా జంట పీకులు, క్లోరిన్ అయితే మూడుకొకటి. ప్లాస్టిక్ సామాన్లు వాడి 149 చూసి మురిసిపోవద్దు, అది థాలేట్, ప్లాస్టిక్‌ను మెత్తబరిచే మందు.

మా కాలం మిషన్ మన కల్లం లాంటిది. తూర్పార పడితే పొట్టు దూరం పోయి, గింజ దగ్గర పడదా? అట్లే మిషన్లోని అయస్కాంతం తేలిక అయాన్లను (చార్జ్ ఎక్కినవాటిని) ఎక్కువ వంచుతాది. అయితే చార్జ్ ఎక్కించేదానికి కొట్టే 70 ఎలక్ట్రాన్ వోల్టుల దెబ్బకు మాలిక్యూలే ముక్కలయ్యేది. జాన్ ఫెన్ ఎలక్ట్రోస్ప్రే, అంటే ద్రావణాన్ని చార్జ్ ఉండే సన్న చుక్కలుగా చిమ్మే పద్ధతి, తెచ్చినాక (2002లో నోబెల్ పంచుకున్నాడు) మాలిక్యూల్ విరగకుండా, ఫ్లాస్కులో ఉండేదాన్ని ఉన్నట్టే మిషన్లోకి పంపొచ్చు. అంత సులువు కాబట్టే నాకు భయం.

నా కథ విను. ఆక్సిడెంట్ (ఆక్సీకరణ చేసే మందు) కీటోన్ మీద నేరుగా పడుతుందా, కీటోన్ ఈనోల్‌గా (ఒక హైడ్రోజన్ చోటు మారిన రూపంగా) మారినాక పడుతుందా? ఇదీ మా సార్ ఇచ్చిన ప్రశ్న. ఎసిటోఫినోన్ అనే కీటోన్ తీసుకుని మీథైల్‌లోని మూడు హైడ్రోజన్ల చోట డ్యుటీరియం (ఒక యూనిట్ బరువెక్కువ ఉండే హైడ్రోజన్) ఎక్కించినా. 120 దగ్గరుండే మాలిక్యులర్ అయాన్ (విరగని మాలిక్యూల్ పీకు) 123కి జరిగింది. విరిగిన ముక్క 105 కదల్లేదు, దాంట్లో మీథైల్ ఉండదు కాబట్టి. ఆ చార్టు చూసుకుని ఆ పూట అన్నం గూడా మరిచిపోయినా. ఇంగ రియాక్షన్ సగంలో ఆపి, మిగిలిన కీటోన్‌ను వెనక్కి తీసి మాస్ తీపిస్తే చాలు. డ్యుటీరియం పోయి ఉంటే కీటోన్ ఈనోల్ అయ్యి తిరిగొచ్చినట్టు. పోకుంటే, పుట్టిన ఈనోల్‌ను ఆక్సిడెంట్ పుట్టినట్టే మింగిందనో, కీటోన్ మీదే పడిందనో.

122, 121, 120. మెట్లు దిగినట్టు వచ్చినాయి. సార్ భుజం తట్టినాడు, సెమినార్ గూడా ఇచ్చినాడు. పేపర్ టైపయింది.

రియాక్షన్ ఆపిన రోజు ఏమి జరిగిందంటే, పుట్టిన బెంజోయిక్ ఆమ్లాన్ని తీసెయ్యాలని ఈథర్ పొరను కాస్టిక్ సోడా నీళ్లతో కడుగుతా ఉన్నా. కరెంటు పోయింది. సెపరేటింగ్ ఫన్నెల్‌ను అట్లే స్టాండుకు తగిలించి, సప్తగిరి సర్కిల్లో బజ్జీలు తిని, రూముకు పోయి పడుకున్నా. తెల్లారి వచ్చి మిగతా పని ముగించినా. కార్బొనిల్ (కీటోన్‌లోని C=O) పక్కనుండే డ్యుటీరియం కాస్టిక్ సోడా తగిలితే నీళ్లలోని హైడ్రోజన్‌తో చోటు మార్చుకుంటాదని నాకు తెలీక కాదు. పరీక్షలో రాసినవాణ్ణే.

పదకొండు నెలల తర్వాత ఒక జూనియర్ పిల్లోడు, "అన్నా, ఆక్సిడెంట్ వెయ్యకుండా ఉత్త కీటోన్‌ను ఇట్లే కడిగి చూసినావా?" అన్నాడు. ఆ రాత్రే చేసినా. మాస్ వచ్చేసరికి అవే మెట్లు. రియాక్షన్ చేసిందో లేదో గాని, నా కడుగుడు మాత్రం చేసింది. సార్ గది తలుపు కొట్టేటప్పుడు చెయ్యి వణికింది. ఆయన తిట్టలేదు. కాగితాలు డ్రాయర్లో పెట్టి, జేబులోనుంచి గుప్పెడు ఏంచిన బుడ్డలు తీసి నా చేతిలో పోసినాడు. తిట్టింటే ఎప్పుడో మరిచిపోయేవాణ్ణి.

నన్ను మోసం చేసిన ఆ కాస్టిక్ సోడా లాంటిది నీకు ఎలక్ట్రోస్ప్రే చుక్కలోనే ఉంటాది. చుక్క ఆరేకొద్దీ లోపల చిక్కబడి, ఫ్లాస్కులో జరగనిది అక్కడ జరగొచ్చు. కాబట్టి బ్లాంక్ (ఆ జూనియర్ అడిగినట్టు, అసలు మందు వెయ్యకుండా చేసే పరీక్ష) ముందు, సంబరం తర్వాత.

ఇంకొకటి. చార్జ్ లేని ఇంటర్మీడియట్ (రియాక్షన్ నడుమ పుట్టి మాయమయ్యేది) నీ కళ్ల ముందరే పోతున్నా కనపడదు. పీకు పొడుగుంది గదా అని అదే ఎక్కువ ఉందనుకుంటే, రచ్చబండ కాడ అరిచేటోడే ఊరంతా అనుకున్నట్టు. 1994లో ఆలిప్రాంటిస్, కానరీ అనే కెమిస్టులు సుజుకి కప్లింగ్‌ను (పెల్లేడియంతో రెండు కార్బన్ ముక్కలను అతికే రియాక్షన్‌ను) చూసినప్పుడు పిరిడీన్ (నైట్రోజన్ ఉండే ఉంగరం) ఉండే బ్రోమైడ్ ఎంచుకున్నారు. ఆ నైట్రోజన్ ప్రోటాన్ పట్టుకుంటే పెల్లేడియం ముక్కకు చార్జ్ వస్తాది, మిషన్‌కు కనపడతాది. ఎంత తెలివో చూడు! అయినా కనపడిందల్లా దారిలో ఉండేదే కాదు, పక్కన కూర్చున్నదీ కావచ్చు. ప్రొడక్ట్ పెరిగేకొద్దీ దాని పీకు ఎట్ల పోతుందో నిమిషం నిమిషానికీ చూడు.

నైట్రోజన్ సిలిండర్లుండే గదిలో తలుపులు మూసుకుని ఒక్కదానివే రాత్రి పని చెయ్యొద్దు. లీకైనా వాసన ఉండదే దానికి. కళ్లు తిరిగేదాకా తెలీదు. మీ అమ్మతో చెప్పొద్దు, అది అసలే భయస్తురాలు. వేళకు తిను. అక్కడ సంగటి దొరకదని సాకు చెప్పినావంటే ఊరుకోను.

మీ అత్త ఓళిగలు చేసి పంపుతా ఉంది. డబ్బా అడుగున 122, 121, 120 ఉండే ఆ పాత చార్టు పెట్టినా. నెయ్యి మరక పడకుండా ప్లాస్టిక్ కవర్లో చుట్టినా. 149 వస్తాదేమో, నన్ను తిట్టొద్దు.

మీ మామ